ఈ ‘గొకొట్టా’ అనే స్వీడిష్ మాట నిజంగా వాడతారా?

చలిపులి:
పొద్దున్నే లేచి పక్షుల పాట వినడానికి స్వీడన్‌లో ప్రత్యేకంగా ఒక మాట ఉందని రీల్స్‌లో ఒకటే ఊదరగొడుతున్నారు. స్టాక్‌హోమ్ వచ్చి ఇన్నాళ్లయినా ఆఫీసులో ఒక్కరి నోటా వినలేదు. అసలు ఉందా, ఎవరైనా పుట్టించారా?

ఉప్సలా బాబాయ్:
ఉంది. ముందు పలకడం చూడండి, ‘యోకొట్టా’ అనాలి, అక్కడ జి అక్షరం య అవుతుంది. యోక్ అంటే కుకూ పిట్ట, ఒట్టా అంటే కోడికూసే వేళ. ఈ ఒట్టా బాగా పాతది, స్వీడిష్‌కి మూలమైన పాత నార్స్ భాషలోనే రాత్రి చివరి జాముకి ఆ పేరుంది. క్రిస్మస్ నాడు చీకటితో చర్చికి వెళ్లే ‘యూలొట్టా’లో ఉన్నదీ ఇదే. ఆఫీసులో ఎందుకు వినపడుతుందండీ, రోజూ చేసే పని కాదుగా! ఈస్టర్ నుంచి లెక్కేస్తే నలభయ్యో రోజు క్రీస్తు ఆరోహణ పండగ, ఎప్పుడూ గురువారమే, సెలవు. ఆ తెల్లవారుజామున ఫ్లాస్కులో కాఫీ పోసుకుని అడవికో గుట్ట మీదికో వెళ్లి కుకూ కూత కోసం చెవులు రిక్కించి కూర్చోవడమే యోకొట్టా. కొన్నిచోట్ల చర్చివాళ్లు ఆరుబయటే ప్రార్థన కూడా పెడతారు.

పిట్టలపిచ్చి:
దాన్ని కోయిల అనుకునేరు! రెండూ వేరేవాళ్ల గూట్లో గుడ్లు పెట్టే బాపతే గానీ ఇది చలికాలమంతా ఆఫ్రికాలో గడిపి వసంతంలో తిరిగొచ్చేది. ఆ ఏడు మొదటి కూత ఏ దిక్కున వినపడితే అదే జాతకం. ‘సోదెర్‌యోక్ ఎ దోదెర్‌యోక్, వెస్టెర్‌యోక్ ఎ బెస్టెర్‌యోక్’ అని సామెత, అంటే దక్షిణాన కూస్తే చావు, పడమరైతే అన్నిటికన్నా మంచిది. తూర్పైతే ఊరట, ఉత్తరమైతే దుఃఖం. నన్నడిగితే ఇదంతా ప్రాస కోసం పడిన పాటే, స్వీడిష్‌లో ‘వెస్టెర్’ పడమర, ‘బెస్ట్’ మేలు, ఇంకేం కావాలి.

చలిపులి:
భలే ఉంది. అయితే ‘నేను రోజూ యోకొట్టా చేస్తా’ అనొచ్చా?

ఉప్సలా బాబాయ్:
అంటే నవ్వుతారు. యోకొట్టాకి ‘వెళ్తారు’, అదీ పండక్కో, మహా అయితే మే నెలలో పక్షుల సంఘంవాళ్లు పిలిస్తేనో. ఊరికే పెందలాడే లేచానని చెప్పాలంటే ‘ఉప్పె ఇ ఒట్టన్’ చాలు.

చలిపులి:
మే నెలంటే ఇక్కడ నాలుగింటికే తెల్లారిపోతుంది కదా, అలారం ఎన్నింటికి పెట్టాలి గురూ?

పిట్టలపిచ్చి:
కుకూ కావాలంటే మూడింటికి. కాఫీ, బన్ను చాలనుకుంటే ఎనిమిదింటికి మొదలెట్టే చర్చిలూ ఉన్నాయి, వెతుక్కోండి.