పాముని పురుగంటాం, పురుగుని పామంటాం: మడ బురదలో ఉండేదాన్ని ఏమనాలి?

మా కోనసీమలో రాత్రిపూట ఎవరికైనా పాము కరిస్తే దాని పేరెత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. మట్టి తిని బతికే సాధుప్రాణినేమో వానపాము అంటాం. కడుపులో ఉండేవి ఏలికపాము, నులిపురుగు, బద్దెపురుగు. దోమా, బొద్దింకా కూడా పురుగులే.

ఇదంతా ఎందుకంటే, మా అన్నయ్య కూతురు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది, కోరింగ మడ అడవుల బురద తెచ్చి జల్లెడ పట్టి అందులో ఉండే పాలీకీటులనే వానపాము చుట్టాల్ని వెతుకుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు "బాబాయ్, నేను చేసే పని నాన్నమ్మకి తెలుగులో ఎలా చెప్పాలి?" అంది. "సముద్రపు పురుగులు అని చెప్పు" అన్నాను. మా అమ్మ వినగానే "పురుగులు పట్టిన బురదలో చెయ్యి పెట్టడమేంటే" అని బాధపడిపోయింది. తప్పు నాదే, ఆ మాట వాడకుండా ఉండాల్సింది.

అమ్మాయి ఫోన్‌లో ఫొటోలు చూపించింది. అన్నం మెతుకులో సగం కూడా లేని ప్రాణి, ఒళ్ళంతా కణుపులు కణుపులుగా ఉంది, ప్రతి కణుపుకీ రెండు పక్కలా తెడ్డుల్లాంటి కాళ్ళు, వాటి చివర గాజుపోగుల్లాంటి వెంట్రుకల కుచ్చులు. ఆ వెంట్రుక కొస చీలి ఉందా, రంపంలా ఉందా, మధ్యలో కీలు ఉందా అన్నదాన్ని బట్టి కూడా ఏ జాతిదో తేలుస్తారట. పాలీకీటా అన్న గ్రీకు మాటకి అర్థం కూడా బోలెడు వెంట్రుకలున్నది అనే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ వెంట్రుకలకి శూకాలు అని పేరు. శూకమంటే వరిగింజ కొసన ఉండే ముల్లు, శూకధాన్యం అన్నది అందుకే. కుప్ప నూర్చినవాళ్ళకి ఒంటికి గుచ్చుకునే నూగు సంగతి చెప్పక్కర్లేదు. గాలానికి గుచ్చే వానపాముని మావైపు ఎర్ర అంటాం, కన్నడంలో ఎరెహుళు, మన ఎర కూడా దానికి చుట్టమే అనుకుంటున్నాను. కాబట్టి నా ప్రతిపాదన: నూగు + ఎర్ర = నూగెర్ర. మీరేమంటారు?

యానాం సభ్యురాలు: మాట బావుందండి, కానీ కొత్త జాతి దొరికితే పేరు లాటిన్‌లోనే కదా పెడతారు? తెలుగుకి అక్కడ పనేముంది?

పోస్టు పెట్టినవారు: పని ఉందండి, నాకు బాగా ఇష్టమైన సంగతి ఇదే. జంతువుల పేర్ల నియమావళి ప్రకారం పేరు రోమన్ అక్షరాల్లో ఉండాలి, అంతే, మాట ఏ భాషదైనా కావచ్చు. కానాగంత చేపల శాస్త్రనామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో చేపల పేర్లు అడిగి రాసుకుని, 200 చేపల బొమ్మలతో 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. అందులోని మన కనగుర్తనే 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే జాతిపేరుగా, అంటే శాస్త్రనామంలో రెండో మాటగా, తీసుకున్నాడు. సావళ్ళనే చేపల్లో ఒకదానికి సవాలా అన్న పేరు కూడా అలా వచ్చిందే, 1829లో. పులసకి మాత్రం ఆ యోగం లేకపోయింది, గంగ చేపల మీద రాసిన హామిల్టన్ 1822లో బెంగాలీ వాళ్ళ ఇలిషా అన్న పేరే పెట్టాడు. ఆ రోజు విశాఖలో వలవేసేవాడు పలికిన మాట ఇవాళ ప్రపంచమంతా పలుకుతోంది, నాకు ఇది తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది.

వ్యాకరణం ఇష్టమున్నవాళ్ళకి ఇంకో ముక్క. జాతిపేరు లాటిన్ విశేషణమైతే ప్రజాతి పేరు (శాస్త్రనామంలో మొదటి మాట) లింగాన్ని బట్టి దాని చివర మారుతుంది. తెలుగు మాట పెడితే మారదు, మన అవ్యయంలా ఎక్కడికెళ్ళినా అదే రూపం. పెట్టే పద్ధతి కూడా కట్టుదిట్టమే: ఒక్క ప్రాణిని ఆనవాలుగా ఎంచి, బొమ్మలతో, దగ్గరి జాతులతో తేడా చెబుతూ ప్రచురించి, ఆ ఒక్కదాన్నీ సీసాలో మ్యూజియంలో దాచాలి. తర్వాత ఎవరికి సందేహం వచ్చినా ఆ సీసానే తీసి చూస్తారు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ నత్తనీ, ఆల్చిప్పనీ, వానపామునీ కలిపి వెర్మెస్ (లాటిన్‌లో పురుగులు) అనే ఒకే గంపలో వేశాడు, అంటే ఈ పురుగు తికమక మనది మాత్రమే కాదు. అయినా ఆ గంపలోని ఒక పాలీకీటుకి ఆయనే సముద్రకన్యల పేరు మీద నీరీస్ అని ఎంత అందంగా పెట్టాడో చూడండి.

అమలాపురం సభ్యుడు: మాస్టారూ, నూగెర్ర అంటే ఎరుపు రంగు అనుకోరా?

పోస్టు పెట్టినవారు: ఏకవచనంలో ఆ ఇబ్బంది ఉందండి, ఒప్పుకుంటాను. నూగెర్రలు అన్నప్పుడు తగ్గుతుంది, అయినా మనసుకి పూర్తిగా ఆనట్లేదు. భైరవపాలెం, అంతర్వేది వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, పొలంలో ఎర్రకీ ఉప్పు బురదలో దొరికేదానికీ మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు వేరే మాట వాడతారా? ఉంటే నా మాట తీసేసి అదే పెట్టుకుందాం. అమ్మాయికి ఆదివారం ఫోన్ చేసి చెప్పాలి.