అబ్బాయి హైస్కూల్లో మెటల్ షాప్ తీసుకుంటానంటున్నాడు, చేర్పించాలా?

నోవై నాన్న:
అందరికీ నమస్తే. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర. మా వాడు వచ్చే సెప్టెంబర్‌లో టెన్త్ గ్రేడ్‌కి వస్తాడు, ఎలెక్టివ్స్ (పిల్లలు ఇష్టం కొద్దీ ఎంచుకునే సబ్జెక్టులు) ఫారం ఈ శుక్రవారంలోపు ఇచ్చేయాలి. మేం కంప్యూటర్ సైన్స్ అనుకుంటుంటే వాడు మెటల్స్ 1 అని రాసుకొచ్చాడు, అంటే స్కూల్ వర్క్‌షాప్‌లో లోహపు పని నేర్పే క్లాసు, ఇక్కడ షాప్ అంటారు. లేత్ (ముక్కని గిర్రున తిప్పుతూ చెక్కే మెషిన్), మిల్లింగ్ (తిరిగే కట్టర్‌తో కోయడం), వెల్డింగ్, రేకు పని అన్నీ ఏడాదిలో కొంచెం కొంచెం నేర్పుతారట. ఓపెన్ హౌస్‌కి వెళ్ళినప్పుడు సీనియర్ పిల్లలు చేసిన సుత్తులు బల్ల మీద వరసగా పెట్టారు, పిడితో సహా మొత్తం ఇనుమే, పిడి మీద చెయ్యి జారకుండా సన్నటి గళ్ళు గళ్ళుగా గాట్లు. మా వాడు ఒకటి చేతిలోకి తీసుకుని ఎంతసేపటికీ కింద పెట్టలేదు.

వాళ్ళమ్మకి భయంగా ఉంది, వేళ్ళు, కళ్ళు అని. నా టెన్షన్ వేరు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులకి ఉన్న వెయిట్ దీనికి లేదు, రేపు కాలేజీ వాళ్ళు చూస్తే ఏమనుకుంటారో. అలాగని వద్దు అనడానికి మనసు రావట్లేదు. చిన్నప్పుడు మా ఊళ్ళో కొలిమి దగ్గర బండి చక్రానికి ఇనప పట్టా వేస్తుంటే నేనూ బడి ఎగ్గొట్టి చూసినవాణ్ణే. పట్టాని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవారు, బుస్సుమని ఆవిరి లేచి పట్టా బిగుసుకునేటప్పుడు చెక్క కిర్రుమనేది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంట్లో ముందుగా కొంచెం ప్రాక్టీస్ చేయించవచ్చా?

బాలానగర్ ఫిట్టర్:
అన్నా, నేను టెన్త్ అయ్యాక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్ళు చేసి ఇప్పుడు హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ రూమ్‌లో పని చేస్తున్నా. మీ అక్కడి స్కూల్ సంగతి నాకు తెలియదు కానీ ఇనుము ఎక్కడైనా ఇనుమే కాబట్టి చెప్తా.

ముందు ప్రాక్టీస్ అన్నారు కదా, ఒక్క ఆకురాయి, అదే ఫైల్, కొనివ్వండి చాలు. పది అంగుళాల ఫ్లాట్ ఫైల్, పిడి తప్పకుండా ఉండాలి, పిడి లేని ఫైల్ తోక అరచేతిలో దిగుతుంది. ఒక మైల్డ్ స్టీల్ (మెత్తటి ఉక్కు) ముక్క వైస్‌లో, అంటే బల్లకి బిగించే ఇనప పట్టులో, బిగించి దాని ఒక అంచు సమంగా చేయమనండి. అంతే పని. వినడానికి తేలిక, నాకు మొదట్లో వారాలు పట్టింది. చెయ్యి ఊగితే అంచు మధ్యలో ఎత్తుగా, రెండు కొసల్లో పల్లంగా వచ్చేస్తుంది, కంటికి మాత్రం సమంగానే కనిపిస్తుంది. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే అప్పుడు తెలుస్తుంది, ఎక్కడ పల్లం ఉంటే అక్కడ నుంచి సన్నగా వెలుతురు గీత వస్తుంది. మా మాస్టారు కొలతలు కూడా అడిగేవారు కాదు, ముక్క తీసుకుని వెలుతురుకి పెట్టి ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసేవారు. మళ్ళీ మొదలు. ఇలా ఎన్నిసార్లో. ఒక రోజు వెలుతురు రాలేదు, ఆయన ముక్కని బల్ల మీద పెట్టి దాని మీద నా రోల్ నంబర్ పంచ్ చేయించారు. ఆ ముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

తోసేది ముందుకి వెళ్ళేటప్పుడే, వెనక్కి లాగేటప్పుడు బరువు వేయకూడదు, పళ్ళు మొద్దుబారతాయి. బలం భుజం నుంచి కాదు, ఎడమ కాలు కొంచెం ముందుకి వేసి ఒంటి బరువుతో తోయాలి. ఫైల్ పళ్ళ మధ్య ఇనప రజను ఇరుక్కుంటే అదే మళ్ళీ ముక్క మీద గీతలు పెడుతుంది, అందుకని పని మొదలుపెట్టేముందు ఫైల్‌కి సుద్దముక్క రుద్దుతాం. రుద్దిన చోట రజను అంటుకోదు, బ్రష్‌తో లాగితే వచ్చేస్తుంది. ఇనుము కోసే రంపం, హ్యాక్సా బ్లేడు కూడా ముందుకి తోసేటప్పుడే కోస్తుంది, పళ్ళు ముందుకి చూస్తూ బిగించాలి, చాలామంది తిరగేసి బిగిస్తారు.

వదినగారి భయం గురించి. మెషిన్ కన్నా అలవాటుతోనే ప్రమాదం. మా బ్యాచ్‌లో ఒకడు సన్న రేకుని బిగించకుండా చేత్తో పట్టుకుని డ్రిల్ వేశాడు, డ్రిల్ అవతలికి దిగేటప్పుడు రేకుని పట్టేసుకుని గిర్రున తిప్పింది, చూపుడువేలు ఎముక దాకా తెగింది. చిన్న బెజ్జమే కదా అనుకున్నాడు. లేత్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు, ఇది చాలామందికి తెలియదు, గ్లవ్ రక్షణ అనుకుంటారు. తిరిగేది గ్లవ్‌ని పట్టుకుంటే చేతిని వదలదు. ఉంగరం, కడియం, చేతికి కట్టుకున్న దారం, పొడుగు చేతుల చొక్కా అన్నీ తీసేయాలి. చిప్స్, అంటే కోసినప్పుడు రాలే ఇనప తునకలు, చేత్తో తీయకూడదు, బ్రష్ ఉంటుంది. చక్ (ముక్కని పట్టుకుని తిరిగే భాగం) బిగించే తాళం చక్‌లో వదిలేసి స్విచ్ వేయకూడదు. ఈ నాలుగూ మీవాడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

సియాటిల్ అమ్మ:
మా అమ్మాయి పోయిన రెండేళ్ళూ వెల్డింగ్ తీసుకుంది, క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే. నేనూ మీ ఇంటావిడలాగే భయపడ్డాను కాబట్టి రాస్తున్నా. మెషిన్ ముట్టుకునేముందు సేఫ్టీ టెస్ట్ పెట్టారు, ఒక్క తప్పున్నా మళ్ళీ రాయించారు. మీ స్కూల్లో కూడా అలాంటిది ఉందా, ఒక టీచర్‌కి ఎంతమంది పిల్లలు, ఈ రెండూ ఫోన్ చేసి అడగండి. సమాధానం నచ్చకపోతే అప్పుడు ఆలోచించండి.

బట్టలు పూర్తి కాటన్ ఉండాలి, పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. జుట్టు ముడి వేసుకోవాలి. వెల్డింగ్ వెలుగు మాస్క్ లేకుండా ఒక్క క్షణం చూసినా అప్పుడేం తెలియదు, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. పక్కన నిలబడి చూసేవాళ్ళకి కూడా. ఇంకో ముఖ్యమైన సంగతి, జింక్ పూత ఉన్న పైపుల మీద వెల్డింగ్ చేయనివ్వకండి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. స్కూల్లో జాగ్రత్తపడతారు, ఇంటికొచ్చి పాత కంచె పైపులతో ప్రయోగాలు మొదలుపెట్టేది పిల్లలే.

దాని మొదటి వెల్డ్ ఇంటికి తెచ్చి చూపించింది, కాకిరెట్టలు వరసగా పడ్డట్టు ఉంది. తర్వాత్తర్వాత చప్పుడు విని తెలుసుకోవడం నేర్చుకుంది. మెషిన్ లోంచి వచ్చే వెల్డింగ్ వైర్ స్పీడ్, వోల్టేజ్ సరిగ్గా కుదిరితే సన్న మంట మీద గారెలు వేగుతున్నట్టు ఒకే తీరుగా వినిపిస్తుందట, తేడా ఉంటే టపటపమంటుందట. ఇప్పుడు మా తులసికోట కింద స్టాండ్ అదే చేసింది. చదువులో వెనకబడుతుందేమో అనుకున్నాను, అలా ఏం జరగలేదు. ఏదైనా రాకపోతే ఇదివరకులా పుస్తకం మూసేసి కూర్చోదు, ఎక్కడ తప్పిందో వెతుకుతుంది. అంతకన్నా నాకేం కావాలి.

మెకానికల్ 2004:
నేను హ్యూస్టన్‌లో డిజైన్ ఇంజనీర్‌ని. జేఎన్‌టీయూ ఫస్టియర్ వర్క్‌షాప్ గుర్తుందా, ఫిట్టింగ్, కార్పెంట్రీ, టిన్ స్మితీ, హౌస్ వైరింగ్... రెండు మైల్డ్ స్టీల్ ముక్కలు ఇచ్చి వి ఫిట్ (ఒకదాని వి ఆకారం రెండోదాని వి గాటులో సరిగ్గా కూర్చునేలా) చేయమనేవారు. మాలో చాలామందిమి అటెండర్ చేత గీయించుకుని, రికార్డ్ నింపేసి బయటపడ్డాం. ఆ రోజు నేర్చుకోనిది ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నా, అదీ కంపెనీ ఖర్చుతో.

ఒక ఉదాహరణ చెప్తా. అల్యూమినియం దిమ్మలో లోతుగా ఒక చదరపు గుంట గీశాను, లోపలి మూలలు నాలుగూ 90 డిగ్రీల పదునుగా. స్క్రీన్ మీద చాలా బాగుంది. మెషినిస్ట్ పెద్దాయన డ్రాయింగ్ తీసుకుని నా డెస్క్ దగ్గరికి వచ్చి, జేబులోంచి ఎండ్ మిల్ (మిల్లింగ్ మెషిన్‌కి బిగించే కట్టర్) తీసి నా చేతిలో పెట్టాడు. గుండ్రంగా తిరిగే కట్టర్ లోపలి మూలని పదునుగా ఎలా కోస్తుంది? దాని వ్యాసంలో సగం గుండ్రం మూలలో మిగిలి తీరుతుంది. నాలుగేళ్ళ చదువులో ఈ సంగతి నా చేతికి రాలేదు. మీవాడికి 15 ఏళ్ళకే వస్తుంది. ఒక కొలతకి థౌ టాలరెన్స్, అంటే తేడా అంగుళంలో వెయ్యో వంతు దాటకూడదు అని రాసేటప్పుడు, అది కోయడానికి ఎంత శ్రమో తెలిసినవాడు అనవసరంగా రాయడు.

కాలేజీ విషయానికొస్తే మ్యాథ్స్, ఫిజిక్స్ మాత్రం తగ్గించకండి, ఎలెక్టివ్ స్థానంలో ఎలెక్టివ్‌గా తీసుకోండి. మిషిగన్‌లో ఫస్ట్ (FIRST) అనే స్కూల్ పిల్లల రోబో పోటీల టీమ్‌లు చాలా ఉన్నాయి, షాప్ తెలిసిన పిల్లల్ని వాళ్ళు వదలరు, అక్కడ చేసినదాని గురించి అప్లికేషన్‌లో రాసుకోవడానికి బోలెడు ఉంటుంది. ఇంకోటి, 1917లో వృత్తివిద్యకి సాయం చేసే స్మిత్-హ్యూస్ చట్టం వచ్చాక ఫెడరల్ డబ్బుతో పెరిగిన క్లాసులివి, తర్వాత చాలా స్కూళ్ళు షాపులు మూసేసి ఆ గదుల్లో కంప్యూటర్లు పెట్టేశాయి. మీ స్కూల్లో లేత్ ఇంకా తిరుగుతోందంటే పోగొట్టుకోకండి. కోడింగ్ ఇంట్లో లాప్‌టాప్ మీదైనా నేర్చుకుంటాడు, మిల్లింగ్ మెషిన్ ఇంట్లో పెట్టలేరు కదా.

నోవై నాన్న:
అందరికీ పేరుపేరునా థాంక్స్. స్కూల్‌కి ఫోన్ చేశాను, సేఫ్టీ టెస్ట్ ఉంది, 18 మంది పిల్లలకి ఒక టీచర్, ప్రతి మెషిన్‌కీ ఎర్ర స్టాప్ బటన్ ఉందట. మీ రిప్లైలు వాళ్ళమ్మకి చదివి వినిపించాను. గ్లవ్స్ సంగతి విని, నేనైతే ముందు గ్లవ్సే కొని పంపేదాన్ని అంది. ఫారం మీద సంతకం పెట్టేసింది. వాడి చేతికి తిరుపతి దారం ఉంది, షాప్ ఉన్న రోజు తీసి పుస్తకాల సంచిలో పెట్టుకోమని తనే చెప్పింది.

ఫిట్టర్ తమ్ముడూ, ఫైల్, సుద్దముక్కలు, ట్రై స్క్వేర్ కొన్నాం. ఆదివారం గ్యారేజ్‌లో బల్లకి వైస్ బిగిస్తున్నాం. ఎంత ఎత్తులో ఉండాలి?

బాలానగర్ ఫిట్టర్:
వైస్ దవడల పైభాగం మోచేతి ఎత్తుకి రావాలన్నా. నిటారుగా నిలబడి, పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే మోచెయ్యి వైస్‌కి తగిలీ తగలనట్టు ఉండాలి. అబ్బాయిని నిలబెట్టి కొలవండి, మీరు నిలబడి కాదు. ఇంకా పొడుగు ఎదిగే వయసు కదా, రెండంగుళాలు ఎక్కువ ఎత్తులోనే బిగించి ఇప్పటికి కాళ్ళ కింద చెక్క వేయండి, ఎదిగాక తీసేయవచ్చు. బల్ల మాత్రం గోడకి గట్టిగా బిగించండి, ఊగితే అంచు ఎప్పటికీ సమంగా రాదు. మొదటి ముక్క అయ్యాక వెలుతురుకి పెట్టి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూస్తా.