34 శాతం తగ్గిందా, 34 శాతానికి తగ్గిందా?

నల్లగొండ నుంచి: “ఈ మందుతో గుండెపోటు ప్రమాదం 34 శాతానికి తగ్గింది.” హెల్సింకి గుండె అధ్యయనం (1987) గురించి తెలుగులో రాసిన వాక్యం. ఇంగ్లీషు ‘రిస్క్’కు ‘ప్రమాదం’ ఉంచాలా, ‘ముప్పు’ అనాలా?

పాలమూరు నుంచి: ముప్పే బాగుంటది. ప్రమాదమంటే మనోళ్లకు బస్సు బోల్తా పడుడే యాదికొస్తది. కానీ అసలు తప్పు ‘కి’ దగ్గరున్నది. 34 శాతం తగ్గితే 66 మిగిలినట్టు, 34 శాతానికి తగ్గితే 66 పోయినట్టు. ఒక్క విభక్తితోని మందు బలం దాదాపు రెట్టింపు చేసిండ్రు!

సూర్యాపేట నుంచి: ఆ అధ్యయనంలో జెమ్‌ఫైబ్రోజిల్ (రక్తంలో కొవ్వు తగ్గించే మందు) వేసుకున్న 2,051 మందిలో 56 మందికి, మందు లేని ఉత్త గోలీ వేసుకున్న 2,030 మందిలో 84 మందికి గుండెపోటో గుండె మరణమో వచ్చింది. వెయ్యికి లెక్కగడితే 27.3, 41.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.66. అందుకే 34 శాతం ‘తగ్గింది’. తీసివేస్తే మాత్రం వెయ్యికి 14.1. దీన్ని “1.41 శాతం తగ్గింది” అని కూడా రాయొద్దు, 4.14 శాతంలో (వెయ్యికి 41.4 అంటే అదే) 1.41 శాతం అనుకుంటరు. “వెయ్యి మందిలో 14 మందికి తప్పింది” అంటే గొడవ లేదు. 1000ని 14.1తో భాగిస్తే 71: అంతమందికి మందిస్తే ఒకరికి తప్పుతది. 34 ఒక్కటే పట్టుకునే శీర్షికలు చారానా కోడికి బారానా మసాలా.

నల్లగొండ నుంచి: మరి ఇట్లాంటి లెక్కల్లో వచ్చే ఇంగ్లీషు మాట ‘ఆడ్స్’ (odds)ను ‘అవకాశం’ అనొచ్చా అన్నా?

సూర్యాపేట నుంచి: వద్దు. అవకాశం మొత్తం మందిలో ఎందరికని చెప్తది. ఆడ్స్ అంటే జబ్బు వచ్చినోళ్లకు, రానోళ్లకు నడుమ నిష్పత్తి. వందలో 80 మందికి వస్తే 80కి 20, అంటే 4. మందుతో 60కి దిగితే 60కి 40, అంటే 1.5. ముప్పుల నిష్పత్తి 0.75, ఆడ్స్ నిష్పత్తి 0.375. రెండోదాన్ని చూసి “ముప్పు 62 శాతం తగ్గింది” అని రాసేటోళ్లున్నరు, తగ్గింది 25 శాతమే. జబ్బు అరుదైతే రెండూ దగ్గరపడతయి. హెల్సింకి లెక్కలో ఆడ్స్ నిష్పత్తి 0.65, ముప్పుల నిష్పత్తి 0.66.

పాలమూరు నుంచి: ‘వచ్చినోళ్లు–రానోళ్ల నిష్పత్తి’ అనే రాద్దాం. పొడుగే, కానీ తప్పుదోవ పట్టియ్యదు.

నల్లగొండ నుంచి: దిద్దిన వాక్యం: “గుండెపోటు, గుండె మరణం ముప్పు వెయ్యికి 41 నుంచి 27కు, అంటే 34 శాతం, తగ్గింది.”

సూర్యాపేట నుంచి: ‘ఐదేండ్లలో’ మరిచిండ్రు. అది లేకుంటే ఆ 71కి కూడా అర్థం లేదు.