హార్ట్‌మన్ పేరిట ఉన్న 352 విమానాల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (మారతహళ్లి నుంచి)

గత ఆదివారం మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని బెంగళూరు పాత విమానాశ్రయం రోడ్డులోని హెచ్.ఎ.ఎల్. మ్యూజియంకు వెళ్లాను. పదో తరగతి చదువుతున్న వాడికి విమానాల పిచ్చి. మారుత్ యుద్ధ విమానం ముందు ఆగి, దీన్ని రూపొందించిన కుర్ట్ టాంక్ జర్మనీవాడనీ, ఆయన చేసిన విమానంతోనే ఎరిక్ హార్ట్‌మన్ అనే పైలట్ రెండో ప్రపంచ యుద్ధంలో ఒంటరిగా 352 శత్రు విమానాలను కూల్చాడనీ గడగడా చెప్పుకుపోయాడు. ఇంటికి వచ్చి చూస్తే అమెరికన్లలో అందరికంటే ముందున్న రిచర్డ్ బాంగ్ లెక్క 40 దగ్గరే ఆగిపోయింది. ఒకే యుద్ధంలో ఇంత తేడా ఎలా సాధ్యం? జర్మన్లు గొప్పలు చెప్పుకున్నారా, లేక దీని వెనుక వేరే కారణముందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (జాలహళ్లి నుంచి)

వాయుసేనలో ఇరవై ఏళ్లు ఇంజిన్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ని కనుక, ముందుగా మీ మేనల్లుడి మాటలో ఒక సవరణ. కుర్ట్ టాంక్ రూపొందించినది ఫోకె-వుల్ఫ్ 190. హార్ట్‌మన్ యుద్ధమంతా నడిపినది మెస్సర్‌ష్మిట్ 109. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను: దాన్ని రూపొందించిన విలీ మెస్సర్‌ష్మిట్ యుద్ధం తరువాత స్పెయిన్‌లో మొదలుపెట్టి ఈజిప్టులో కొనసాగించిన చివరి ఫైటర్‌ను 1964లో తొలిసారి గాలిలోకి లేపినవాడు మన వాయుసేన టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ.

ఇక అసలు విషయం. హార్ట్‌మన్ 1942 అక్టోబరులో 52వ ఫైటర్ దళంలో చేరి, 1945 మే 8న, అంటే జర్మనీ లొంగిపోయిన రోజున, బ్ర్నో నగరం మీద చివరి విమానాన్ని కూల్చేవరకు దాదాపుగా తూర్పు రంగంలోనే, అంటే సోవియట్లతో పోరాటంలోనే, ఉన్నాడు. ఈ రెండున్నరేళ్లలో అతడు 1,404 సార్లు ఎగిరాడు, 825 సార్లు శత్రువుతో తలపడ్డాడు. నాలుగు సార్లు ఎగిరితే ఒక విమానం అన్నమాట. బాంగ్‌నైతే 40వ విజయం కాగానే ఇంటికి పంపేశారు. జర్మన్ పైలట్‌కు అలాంటి వెసులుబాటు లేదు. చచ్చేదాకానో, లేవలేనంత గాయపడేదాకానో, యుద్ధం ముగిసేదాకానో ఎగరవలసిందే. అదే దళంలోని బార్ఖార్న్ 301, గుంథర్ రాల్ 275 దగ్గర ఆగారంటే, ఆ అంకెల వెనుక ప్రతిభతో పాటు ఈ విరామం లేని చాకిరీ కూడా ఉందని గ్రహించాలి.

అతడి పద్ధతినీ చూడండి. గాలిలో గింగిరాలు తిరిగే పోరాటం అతడికి గిట్టేది కాదు. ముందు చూడడం, ఆలోచించడం, అదను చూసి దెబ్బ తీయడం, వెంటనే తప్పుకోవడం, ఇంతే. శత్రు విమానం ఎదుటి అద్దం నిండా కనిపించేదాకా, ఒక్కోసారి యాభై మీటర్లకంటే దగ్గరికి, వెళ్లాకే మీట నొక్కేవాడు. 109 విమానంలో మెషిన్ గన్లు ఇంజిన్ పైన, ఫిరంగి ప్రొపెల్లర్ ఇరుసు మధ్యనుంచి ఉండడం వల్ల గుళ్లన్నీ ఒకే చోట తగులుతాయి. రెక్కల్లో తుపాకులున్న విమానానికి ఆ సౌలభ్యం లేదు. దీనికొక మూల్యమూ ఉంది. 1942 నవంబరు 5న కూల్చిన మొదటి విమానం తాలూకు తునకలే తగిలి, తన విమానాన్ని పొట్ట మీద దించుకోవలసి వచ్చింది.

జవాబు 2 (బసవనగుడి నుంచి)

పై జవాబులోని కారణాలతో ఏకీభవిస్తూనే, అంకెను శిలాశాసనంలా చూడవద్దని మనవి. జర్మన్ వాయుసేనలో సాక్షి లేని దావాను, అంటే ఫలానా విమానాన్ని కూల్చానని పైలట్ చెప్పుకున్న మాటను, మామూలుగా ఒప్పుకునేవారు కాదు, పత్రాలు పై కార్యాలయానికి వెళ్లి రావలసిందే. అయినా పోరాటపు తొందరలో పొగ కక్కుతూ కిందికి దూకిన విమానం కూలిందో, చెట్ల ఎత్తున ఎగురుతూ ఇల్లు చేరిందో పై నుంచి చూసేవాడికి తెలియదు. ఈ పొరపాటు అన్ని దేశాల పైలట్లూ చేశారు. తరువాత సోవియట్ రికార్డులతో పోల్చిన రష్యన్ చరిత్రకారులు కొందరు హార్ట్‌మన్ అసలు సంఖ్య చాలా తక్కువని వాదించారు. వాళ్ల లెక్కింపులోనూ లోపాలున్నాయని ఎదురు వాదనలు వచ్చాయి. నా మట్టుకు నేను 352ను 'ఆమోదం పొందిన దావాలు' అనే అంటాను. అవన్నీ ఏ ప్రభుత్వం కోసం, ఏ దండయాత్రలో సాధించినవో కూడా ఆ అబ్బాయికి చెప్పండి. అతడి లెక్క 301కి చేరిన మరునాడే, 1944 ఆగస్టు 25న, వజ్రాల పతకం ప్రకటించినది హిట్లరే.

జవాబు 3 (మారతహళ్లి, ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేనల్లుడికి చదివి వినిపించాను. టాంక్ విషయంలో కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అయితే వాడు మరో రెండు ప్రశ్నలు వేశాడు: యుద్ధం తరువాత అతడేమయ్యాడు, అన్నిసార్లు అంత దగ్గరికి వెళ్లినవాడు ఎలా బతికాడు?

జవాబు 4 (జాలహళ్లి నుంచి)

అమెరికన్లకు లొంగిపోతే వాళ్లు సోవియట్లకు అప్పగించారు. పదేళ్లకు పైగా చెరలో ఉండి, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ మాస్కో వెళ్లి మాట్లాడాక 1955లో విడుదలయ్యాడు. పుట్టిన సంగతి తప్ప కళ్లతో చూడని కొడుకు ఆ మధ్యలోనే చనిపోయాడు. పశ్చిమ జర్మనీ కొత్త వాయుసేనలో 71వ ఫైటర్ దళానికి తొలి అధిపతి అయ్యాడు. అప్పుడు ఎఫ్-104 అనే అమెరికన్ జెట్ ఫైటర్‌ను కొనడం తొందరపాటని వ్యతిరేకించి, పైవాళ్లకు కంటగింపై, 1970లో పదవీ విరమణ చేశాడు. 900కు పైగా కొన్న ఆ విమానాల్లో 290 దాకా కూలిపోయాయి. నన్నడిగితే అతడి జీవితంలో ఎక్కువ ధైర్యం కావలసిన పని ఇదే.

బతకడం సంగతికి వస్తే, పద్నాలుగు సార్లు దాకా విమానాన్ని పాడుచేసుకుని దిగాడు, ఎక్కువగా తునకల వల్లే. 1943 ఆగస్టులో ఒకసారి అలా దిగినచోటు సోవియట్ల వైపు అయింది. అతడు చెప్పుకున్న ప్రకారం, సైనికులు రాగానే లోపల గాయమైనట్టు నటించి లారీలో పడుకున్నాడు. జర్మన్ బాంబర్లు తలమీదుగా రాగానే కాపలావాణ్ని కొట్టి దూకి, మనిషెత్తు ప్రొద్దుతిరుగుడు చేలో పడి పరుగెత్తాడు. చీకటి పడ్డాక నడిచి నడిచి తమ సైనికుల దగ్గరికి చేరితే, కాపలా ఉన్న జర్మన్ కుర్రవాడే బెదిరిపోయి కాల్చాడట. గుండు ప్యాంటు గుడ్డను చీల్చుకుని పోయింది.