రద్దయిన సిటీ బస్సు రూట్లు: దారి, తేదీ తేల్చేదెలా?

ప్రశ్న: పాత రూట్ల జాబితా రాస్తున్నాం. ఒకే నంబరుకు ఇద్దరు రెండు దారులు చెబుతున్నారు. ఎవరిది నమ్మాలి?

జవాబు 1: ఇద్దరిదీ నిజం కావచ్చు. ఖాళీ అయిన నంబరును కొన్నేళ్లకు వేరే దారికి ఇచ్చేస్తుంటారు. అందుకే ఒక్క నంబరుతో ఎంట్రీ పెట్టొద్దు. నంబరు, రెండు చివరి స్టాపులు, వయా, ఏ కాలం: నాలుగూ కలిపితేనే ఒక రూటు. పైగా జనం ‘రద్దు’ అనేది చాలాసార్లు కుదింపో, నంబరు మార్పో అయి ఉంటుంది.

జవాబు 2: పాత టికెట్లు దొరికితే ముందు స్కాన్ చేయండి. మెషిన్ టికెట్లు చాలావరకు థర్మల్ కాగితమే. లామినేషన్ చేయించారో, ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది! స్టేజీ (చార్జీ లెక్కకు దారిని విడగొట్టిన భాగం) నంబర్లు మాత్రమే ఉన్న టికెట్‌తో దారి తేలదు, ఆ కాలపు ఫేర్ చార్టు (స్టేజీల వారీ చార్జీల పట్టిక) కూడా కావాలి.

జవాబు 3: డిజిటల్ కాలానికైతే పాత జీటీఎఫ్ఎస్ ఫైళ్లు (రవాణా సంస్థలు రూట్లు, స్టాపులు, టైంటేబుళ్లు ప్రచురించే డేటా ఫార్మాట్) వెతకండి. స్టాప్ టైమ్స్ ఫైల్లో స్టాపుల వరుస ఉంటుంది. బస్సు వెళ్లే దారి గీత ఉండే షేప్స్ ఫైలు ఐచ్ఛికం, లేకపోతే ఏ రోడ్డో తెలియదు. క్యాలెండర్ ఫైల్‌లోని ముగింపు తేదీని రద్దు తేదీ అనుకోవద్దు, అది ఆ టైంటేబుల్ గడువు మాత్రమే. తర్వాతి ఫైల్లోనూ రూటు లేకపోతేనే అనుమానించాలి.

మ్యాప్ గీస్తే, అందరూ కలిసి గీసే ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కాదు, అక్కడ ఇప్పుడు లేనివి తీసేస్తారు. పాత వాటి కోసమే ఉన్న ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్‌లో మొదలు, ముగింపు తేదీలతో పెట్టండి.