మందిరం కూల్చి కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా? సంఘం చీలకుండా ఎలా తేల్చుకోవాలి?

గుండ్లకమ్మ ఒడ్డు

అందరికీ వందనాలు. మాది ఒంగోలుకు దగ్గర్లో గుండ్లకమ్మ పక్కన చిన్న ఊరు, బాప్టిస్టు సంఘం. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మూడేళ్ళుగా సంఘ కార్యదర్శిని. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

రిజిస్టరులో 140 మంది ఉన్నాం. మొన్న ఆదివారం ఆరాధనకు వచ్చింది 43 మంది. అందులో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు ఆరుగురే. మిగతా పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, కువైట్. ఊళ్ళో ఉన్నవాళ్ళలో కొందరు రోడ్డు మీది రేకుల షెడ్డులో కొత్త పరిచర్యకు పోతున్నారు. అక్కడ కీబోర్డు, డ్రమ్ములు ఉన్నాయి. మా దగ్గర హార్మోనియం ఉంది, దాంట్లో రెండు మెట్లు పలకవు.

మా మందిరానికి తాటి దూలాలు. చెద పట్టింది. పోయిన నెల నిచ్చెనేసుకుని ఎక్కి వేలితో నొక్కితే పిండిలా రాలింది. ప్రస్తుతానికి సరివి బాదులు పోటు పెట్టాం, వానల్లోపు ఏదో ఒకటి తేలాలి. హైదరాబాదులో ఉన్న పిల్లలేమో డబ్బు పంపుతాం, పడగొట్టి స్లాబు వేయండి, ఏసీ పెట్టండి అంటున్నారు. పెద్దవాళ్ళు గోడ మీద గునపం పడనివ్వమంటున్నారు, వాళ్ళ తాతలు రాళ్ళు మోసి కట్టుకున్న గోడలవి. కమిటీలో ఒకాయన ఇంకో మాటన్నాడు. దూలాలు మార్చి, మిగిలిన డబ్బుతో వాడలో పిల్లలకు సాయంత్రం ట్యూషను పెడదామని.

నా భయం ఓటు గురించి. మా బాప్టిస్టుల్లో బిషప్పుగారు తేల్చేది ఉండదు, సంఘమే నిర్ణయించుకోవాలి. పన్నెండేళ్ళ కిందట కీబోర్డు కావాలా వద్దా అని చేతులెత్తించాం. వద్దన్నవాళ్ళం 31, కావాలన్నవాళ్ళు 28. గెలిచామని చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తర్వాతి ఆదివారం నాలుగు కుటుంబాలు రాలేదు. ఆ రేకుల షెడ్డు అలా మొదలైందే. అందులో ఒక కుటుంబం మా చెల్లెలిది. ఒకే ఊళ్ళో ఉండి క్రిస్మస్ ఆరాధనకు ఇద్దరం రెండు చోట్లకు పోతున్నాం.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఇదే గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా దగ్గర చిన్నపిల్లలు కూడా చెబుతారు. దానికి ముందు సంగతి ఎవరూ చెప్పరు. కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం పని తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఎవరెంత అడిగినా బాప్తిస్మం ఇవ్వకుండా ఆగారు. రాత్రిళ్ళు నాకు అదే తలపుకొస్తోంది. మేం కాస్త ఆగి ఒకరి మాట ఒకరం వినగలమా? ఓటుకు ముందు అందరి మాటా వినే పద్ధతి మీ సంఘాల్లో ఏదైనా ఉందా?

పాస్టరు, కృష్ణా జిల్లా

వందనాలు అన్నా. మేం ఏడు వారాలు గృహకూటాలు పెట్టాం. ఒక్కో వారం ఒక్కో వాడ. కమిటీవాళ్ళు మాట్లాడకూడదు, విని రాసుకోవాలి, అంతే. మందిరం గురించి అసలు అడగలేదు. "ఈ సంఘం లేకపోతే మీకేం పోతుంది?" అని ఒక్కటే అడిగాం. మొదటి ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు, టీ తాగి వచ్చేశాం. మూడో వారం నుంచి మాట్లాడారు.

అపొస్తలుల కార్యాలు 15 మళ్ళీ చదవండి. యెరూషలేములో గట్టి వాదమే జరిగింది. పేతురు చెప్పాక జనమంతా ఊరకుండి బర్నబా, పౌలు చెప్పేది విన్నారు. ఆ ఊరకుండటం మా కమిటీకి నేర్పడానికే నాకు ఏడు వారాలు పట్టింది.

ఇంకోటి. కూటాలకు పాస్టరుగారిని తీసుకెళ్ళకండి. అయ్యగారు ఎదురుగా ఉంటే మనవాళ్ళు ఆయనకు నచ్చే మాటే చెబుతారు. నేను వెళ్ళలేదు.

మెదక్ అక్క

వందనాలు అన్నా. మాది సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన మెదక్ పెద్ద చర్చి గూడ కరువుల జనానికి పని దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర కట్టించిండని మా నాయనమ్మ చెప్పేది. మీ కాలువ ముచ్చట చదివితే అదే యాదికొచ్చింది.

నేను చెప్పేది ఒక్కటే, ఆడోళ్ళను వేరుగ కూసోబెట్టి అడగండి. మా ఊర్ల కమిటీ అంతా మొగోళ్ళే. రంగులు, గ్రానైటు, మైకుసెట్టు అని ఆర్నెల్లు మాట్లాడిన్రు. స్త్రీల మైత్రిల, అంటే మా సంఘం ఆడోళ్ళ కూటంల అడిగితే ఒక ముసలమ్మ లేచి, "మూడు గంటలు కూసుంటం, మాకు మరుగుదొడ్డి లేదు బిడ్డా" అన్నది. అప్పటిదాంక ఎవ్వలికీ తట్టలే. ముందుగాల అదే కట్టినం.

డల్లాస్ నుంచి

డబ్బు పంపేవాళ్ళ మాట కూడా వినండి, కానీ ఫోన్లో కాదు. మా ఊరి మందిరానికి నేనూ పంపాను. ఎందుకు పంపానో నాకిప్పుడు తెలుసు, గోడకు మా నాన్న పేరు చెక్కిన రాయి కోసం. అక్కడ ఆదివారం ఎంతమంది వస్తున్నారని ఒక్కసారీ అడగలేదు. పిల్లల్ని కోత పండుగకు రమ్మనండి. కానుకగా తెచ్చిన పంటల వేలంలో సొరకాయ పాడుకుని, చాప మీద కూర్చుని, ఆ 43 మందిని కళ్ళారా చూశాక అప్పుడు చెప్పమనండి ఏం కట్టాలో.

గుండ్లకమ్మ ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. మూడిళ్ళు అయ్యాయి. పాస్టరుగారి ప్రశ్నే అడుగుతున్నాం, ఆడవాళ్ళ కూటం వేరుగా పెట్టాం.

రెండో ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంది. ప్రశ్న విని ఏం మాట్లాడకుండా లోపలికి పోయి పాత పాలపొడి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడికని తీసిపెట్టే గుప్పెడు. మేం ఇళ్ళకు పోయి ఆ బియ్యం తేవడం మానేసి ఆరేళ్ళయింది, ఇప్పుడు ఎవరు తీస్తారులే అనుకున్నాం. పురుగు పడితే పాతవి కోళ్ళకు వేసి మళ్ళీ మొదలుపెడుతోందట. "అడగను మీరే రాలేదు నాయనా. నేనెట్టా మానేది?" అంది. మూత తీస్తే సగానికి పైగా ఉన్నాయి. నేను పుస్తకంలో ఆ మాట రాసుకుంటుంటే కమిటీవాళ్ళెవరూ తలెత్తలేదు.

ఓటు కోత పండుగ దాకా వాయిదా వేశాం. ఈలోపు వాన తడవకుండా పైన టార్పాలిన్ కప్పిస్తున్నాం.

రేపు సాయంత్రం మా చెల్లెలింటికి పోతున్నాం. రిజిస్టరులో వాళ్ళ పేర్లు ఇంకా కొట్టేయలేదు. పుస్తకం, పెన్ను ఇంకొకరికి ఇచ్చాను. ఆ రోజు చప్పట్ల సంగతి ముందు నేను మాట్లాడాలి.