కార్బన్ ఫ్రేమ్ పెయింట్ గీకేస్తే బరువు తగ్గుతుందా?

ప్రశ్న: నా సైకిల్ కార్బన్ ఫ్రేమ్‌కి మందంగా ఎర్ర పెయింట్ ఉంది. తీసేస్తే ఎత్తులెక్కడం తేలికవుతుందా? పెయింట్ రిమూవర్ వాడొచ్చా?

జవాబు: రిమూవర్ జోలికి అస్సలు వెళ్లకండి. పెయింట్‌తో పాటు ఎపాక్సీ రెజిన్‌నీ మెత్తబరుస్తుంది. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది ఆ రెజినే. తడి సాండ్‌పేపర్‌తో చేత్తోనే రుద్దాలి, మాస్క్ పెట్టుకుని. నీళ్లలో నల్లపొడి కనిపిస్తే పోగుల దాకా వచ్చేసినట్టే, ఆపేయండి. మెషిన్‌తో రుద్దితే ఆ సంగతి తెలిసేలోపే పోగులు కూడా అరిగిపోతాయి.

జవాబు: ఇంత కష్టపడి తగ్గేది 100 గ్రాములు అటూ ఇటూ. ఎండ నుంచి రెజిన్‌ని కాపాడటానికి మళ్లీ క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) వేయాలి, అందులో కొంత తిరిగొస్తుంది. సీసాలో 100 మి.లీ. నీళ్లు తగ్గించుకున్నా అంతేగా! వారంటీ కూడా పోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: సరే, ముందు తేలికైన టైర్లు చూస్తాను. ఆ ఎరుపే భరించలేకపోతున్నా.

జవాబు: అసలు సంగతి అదన్నమాట! పైపైన రుద్ది వేరే రంగు వేయించండి.